లండన్ పార్లమెంటులో మన ఖైదీల గురించి, స్వరాజ్యం గురించి ప్రశ్నలేసిన ఎంపీ... దానివల్ల ఏమైనా ఒరిగిందా?

బెజవాడ బుక్‌వర్మ్:

అందరికీ నమస్తే. గ్రూప్స్ కోసం మోడర్న్ హిస్టరీ చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయా, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. 1930 అంటే మన పుస్తకాల్లో దండి, ఉప్పు, అరెస్టులు, ఆ తర్వాత రౌండ్ టేబుల్, అంతే కదా. అదే ఏడాది జూలై 17న లండన్ కామన్స్ సభలో ఫెన్నర్ బ్రాక్‌వే అనే లేబర్ ఎంపీ, సెలవులకి సభ మూసేలోపు ఇండియా మీద చర్చకి టైం ఇవ్వమని పట్టుబట్టాడు, ప్రధాని మెక్‌డొనాల్డ్ కుదరదన్నాడు, ఈయన కూర్చోమన్నా కూర్చోలేదు, దాంతో సస్పెండ్ చేసేశారు. అది కూడా సొంత పార్టీ ప్రభుత్వమే! ఆ సస్పెన్షన్ ఓటింగ్ గొడవలో జాన్ బెకెట్ అనే ఇంకో ఎంపీ లేచి, సభలో టేబుల్ మీద పెట్టే పెద్ద గద ఉంటుంది చూడండి, అది ఎత్తుకుని బయటికి నడిచాడు, గుమ్మం దగ్గర ఆపి లాక్కున్నారు. మన అసెంబ్లీలో మైకులు విరగ్గొట్టడం చూసి తిడతాం గానీ వాళ్ళు తక్కువేం తినలేదు.

నా డౌట్ ఏంటంటే, అప్పటికి గాంధీ యరవాడ జైల్లో ఉన్నారు, మే 5న పట్టుకుపోయారు, కేసు లేదు విచారణ లేదు, ఎప్పటిదో 1827 నాటి బొంబాయి రెగ్యులేషన్ ఒకటి దుమ్ము దులిపి దాని కింద లోపలేశారు. ఆ ఉద్యమం మొత్తమ్మీద జైలుకెళ్ళినవాళ్ళు 60 వేల పైనే అంటారు. ఈ బ్రాక్‌వే ఒకపక్క ఇండియాకి స్వపరిపాలన సంగతేంటి అంటాడు, ఇంకోపక్క జైల్లో పెట్టినవాళ్ళ సంగతేంటి అంటాడు. ఈ రెండూ ఒకే మనిషి కలిపి ఎందుకు అడుగుతున్నాడు? అడిగితే ప్రభుత్వం ఏమైనా కదిలిందా, లేక రికార్డులో పడటమేనా? మన తెలుగువాళ్ళకి ఇందులో ఏమైనా లింకు ఉందా? ఎగ్జామ్ కోసం కాదు, ఊరికే తెలుసుకుందామని. సరే, ఎగ్జామ్ కోసం కూడా.

---

పాత కాగితాలు:

మంచి చోటే ఆగావు తమ్ముడూ. కలిపి ఎందుకు అడిగాడంటే ఆయనే ఒక మాజీ ఖైదీ కాబట్టి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరను పొమ్మని చెప్పి జైలుకెళ్ళాడు, ఒకసారి కాదు, తిప్పి తిప్పి వేశారు, 1919లో గానీ పూర్తిగా బయటపడలేదు. అప్పటి ఇంగ్లీషు జైళ్ళలో ఖైదీ ఖైదీతో మాట్లాడకూడదని రూల్ ఉండేది, నెలల తరబడి నోరు మూసుకుని ఉండాలి. లివర్‌పూల్‌లో వాల్టన్ జైల్లో ఉన్నప్పుడు ఈయన టాయిలెట్ పేపర్ మీద ఒక పత్రిక రాసి రహస్యంగా ఖైదీల మధ్య తిప్పాడు. బయటికొచ్చాక ఊరుకోలేదు, ఇంకో సహచరుడితో కలిసి ఇంగ్లండ్ జైళ్ళ పరిస్థితి మీద పెద్ద రిపోర్టు తయారు చేసి 1922లో వేశాడు. అంటే జైల్లో తిండేంటి, పనేంటి, ఒంటరి కొట్టు అంటే ఏంటి అని ఈయనకి మంత్రులు చెప్పక్కర్లేదు, మంత్రులకే ఈయన చెప్పగలడు. పైగా పుట్టింది కలకత్తాలో, 1888లో, తల్లిదండ్రులు మిషనరీలు.

ఇంక ప్రశ్న అడిగితే ఏమయ్యేది అంటే... ఇక్కడే అసలు కిటుకు. లండన్‌లో అడిగితే ఇండియా మంత్రి వెడ్జ్‌వుడ్ బెన్, ఇండియా ప్రభుత్వాన్ని కనుక్కుంటాం అంటాడు. ఢిల్లీలో సెంట్రల్ అసెంబ్లీలో అడిగితే హోం మెంబర్ (వైస్రాయ్ కౌన్సిల్లో హోం శాఖ చూసేవాడు) లేచి జైళ్ళు రాష్ట్రాల వ్యవహారం కదండీ అంటాడు. సరే అని రాష్ట్రానికి వెళ్తే, 1919 చట్టం కింద జైళ్ళు రిజర్వుడు సబ్జెక్టు, అంటే జనం ఎన్నుకున్న మంత్రి చేతిలో ఉండవు, గవర్నరూ ఆయన కౌన్సిలూ చూసుకుంటారు, శాసనసభకి జవాబు చెప్పాల్సిన పనే లేదు. మన ఆఫీసుల్లో ఈ కౌంటర్ కాదు ఆ కౌంటర్ అని తిప్పుతారే, అదే ఆట, మూడు ఊళ్ళ మధ్య.

స్వపరిపాలన ప్రశ్నకి కూడా ఇదే గతి. 1929 అక్టోబర్ 31న వైస్రాయ్ ఇర్విన్ ఇండియా చివరికి చేరేది డొమీనియన్ హోదాకే (అంటే బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ కెనడాలాగా సొంత పాలన) అని ప్రకటించాడు, ఎప్పుడు అన్నది మాత్రం చెప్పలేదు. 1930 జూన్‌లో ఇండియా పాలనా సంస్కరణల మీద వేసిన సైమన్ కమిషన్ రిపోర్టు వస్తే అందులో డొమీనియన్ మాటే లేదు. మరి వైస్రాయ్ మాట నిజమా, సైమన్ మాట నిజమా అని ఎవరైనా అడుగుతారు కదా. జూలైలో చర్చ వద్దు వద్దని ప్రభుత్వం ఎందుకు తప్పించుకుంటుందో దీన్ని బట్టి ఊహించుకో.

---

ఓరుగల్లు వకీల్:

పైన అన్న చెప్పింది కరెక్టే గానీ లండన్ ముచ్చట కంటే ముందు సిమ్లా ముచ్చట చూడాలె. 1929 సెప్టెంబర్, సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీ. లాహోర్ కుట్ర కేసు ఖైదీలు నిరాహార దీక్షలో ఉన్నరు. భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ జూన్ మధ్యల మొదలువెట్టిన్రు, జతిన్ దాస్, మిగిలినోళ్ళు జూలై 13 నుంచి. వాళ్ళు అడిగింది ఏంది? మమ్మల్ని విడిచిపెట్టుమని కాదు. యూరోపియన్ ఖైదీకి పెట్టే తిండి మాకూ పెట్టుండ్రి, పుస్తకాలియ్యుండ్రి, రోజుకొక పేపర్ ఇయ్యుండ్రి, రాజకీయ ఖైదీలను ఒక్క వార్డుల ఉంచుండ్రి, పరువు తీసే పనులు చేయించకుండ్రి. గంతే.

సర్కారు ఏం జేసింది? తిండి సంగతి ఇడిసిపెట్టి కొత్త బిల్లు పట్టుకొచ్చింది. ముద్దాయి తన చేతులారా కోర్టుకు రాలేని స్థితి తెచ్చుకుంటే ఆయన లేకుండనే విచారణ నడపొచ్చు అని. హోం మెంబర్ సర్ జేమ్స్ క్రెరార్. ఆ బిల్లు మీద జిన్నా 12వ తారీఖు మాట్లాడిండు, టైం అయిపోయింది, తరువాయి 14న. మధ్యల 13న జతిన్ దాస్ లాహోర్ బోర్‌స్టల్ జైల్ల చనిపోయిండు, 63 రోజులు, ఏండ్లు చూస్తే ఇంకా పాతిక నిండలే. ముక్కుల గొట్టం పెట్టి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లకి పోయినయి, అప్పటి నుంచే ఆరోగ్యం చెడింది.

జిన్నా పేరు చెప్తే మనకు వేరే యాది వస్తది గానీ ఆ రెండు రోజుల ప్రసంగం చదువాలె, లా చదివే ప్రతొక్కరు చదువాలె. నిరాహార దీక్ష అందరితోటి అయ్యే పనేనా, మీరు సరదాకు రెండు రోజులు చేసి చూడుండ్రి అన్నట్టు సభల ఉన్నోళ్ళనే నిలదీసిండు. వాళ్ళ మీద కేసు నడుపుతున్నరా, వాళ్ళతోటి యుద్ధం చేస్తున్నరా అన్నడు. వాళ్ళు చేసిన పనిని మెచ్చుకోలేదు, అది గూడ చెప్పిండు, కానీ చట్టం పేరు మీద చట్టాన్నే వంకర చేస్తరా అని అడిగిండు. అదే 14వ తారీఖు మోతీలాల్ నెహ్రూ పెట్టిన వాయిదా తీర్మానం (సర్కారును తప్పుపడ్తూ సభను వాయిదా వెయ్యాలనే తీర్మానం) 55కు 47తోటి గెలిచింది. అంటే సర్కారు సభల ఓడిపోయింది.

ఓడిపోతే ఏమైంది అంటవా? కుర్చీ దిగలే. దిగే అవసరమే లేకుండ రాసుకున్నరు రాజ్యాంగం. బిల్లు అయితే అసెంబ్లీల ముందుకు పోలే, కానీ 1930 మే 1న వైస్రాయ్ ఆర్డినెన్స్ తెచ్చి ముగ్గురు జడ్జిల ట్రిబ్యునల్ పెట్టిండు, ముద్దాయిలు లేకున్నా నడపొచ్చు, అప్పీలు లేదు. అసెంబ్లీ కాదన్నదే దొడ్డిదారిన వచ్చింది. అక్టోబర్ 7న తీర్పు, 1931 మార్చి 23న ఉరి. నన్ను అడిగితే ప్రశ్నలతోటి ఏం ఒరగలే.

---

బెజవాడ బుక్‌వర్మ్:

అన్నా దండం, ఇంత డీటెయిల్ గా ఎక్కడా చదవలేదు. కానీ మరీ ఏం ఒరగలేదు అంటే ఎలా, ఏ, బీ, సీ క్లాసులు వచ్చింది దీని తర్వాతే కదా? మా కోచింగ్ నోట్స్‌లో ఒక్క లైన్ ఉంది.

---

రాజమండ్రి రవ్వట్టు:

ఆ ఒక్క లైన్ వెనక పెద్ద కథే ఉందండి. దాస్ పోయాక దేశమంతా అట్టుడికింది, లాహోర్ నుంచి కలకత్తా దాకా ఆయన శవంతో వెళ్ళిన రైలు ఆగిన ప్రతి స్టేషన్లో జనమే, పంజాబ్ కౌన్సిల్లో ఇద్దరు మెంబర్లు, మహమ్మద్ ఆలం, గోపీచంద్ భార్గవ, రాజీనామా చేశారు. ఆ ఒత్తిడికి 1930 ఫిబ్రవరిలో ఇండియా ప్రభుత్వం ఖైదీలని ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేస్తూ ఉత్తర్వులిచ్చింది. చూడ్డానికి సంస్కరణే. కానీ దేన్ని బట్టి క్లాసు? నువ్వు రాజకీయ ఖైదీవా కాదా అని కాదండి. నీ చదువేంటి, బయట నువ్వు ఏ రకంగా బతికేవాడివి, నీ హోదా ఏంటి అని. రాజకీయ ఖైదీ అన్న గుర్తింపు అడిగితే అది మాత్రం ఇవ్వకుండా బాగా బతికినోడికి బాగా, బీదోడికి బీదగా అని తేల్చేశారు. అంటే ప్లీడరు గారికి మంచం, సొంత బట్టలు, ఆయనతో కలిసి ఉప్పు వండిన కూలీకి ముతక బట్ట, అంబలి. ఒకే సెక్షను, ఒకే నేరం!

మన వైపు రాజమండ్రి, వెల్లూరు, తిరుచిరాపల్లి, బళ్ళారి దగ్గర అల్లీపురం జైళ్ళకి వెళ్ళినోళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ మా తాతగారు సీ క్లాసు అని చెప్పుకుంటారు చూడండి, అది ఇదే. అది తిట్టు కాదు, గొప్పగా చెప్పుకునేదే. దుర్గాబాయమ్మ గారు (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్) మదురై జైల్లో ఉన్నప్పుడు అక్కడి ఆడ ఖైదీలు తాము చేయని నేరానికి కూడా చదువు రాక, చెప్పుకోలేక ఏళ్ళ తరబడి మగ్గడం చూసే లా చదవాలనుకున్నారు, చదివారు, ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. నా లెక్కలో జైలు నుంచి సభకి వెళ్ళిన దారి అంటే అదండి.

లింకు అడిగారు కదా, ఆ 1929 అసెంబ్లీలో మన ప్రకాశం పంతులు గారు మెంబరు, వి.వి. గిరి గారి నాన్నగారు జోగయ్య పంతులు గారు కూడా మెంబరే. మద్రాసు కథలు చెప్తాం గానీ ప్రకాశం గారి ఢిల్లీ రోజుల గురించి మనోళ్ళు పెద్దగా మాట్లాడరు ఎందుకో.

---

సూటిగా సుత్తి లేకుండా:

అందరూ బాగానే చెప్పారు గానీ అసలు పాయింట్ ఎవరూ చెప్పలా. స్వాతంత్ర్యం ప్లాను, ఖైదీల సంగతి రెండూ ఎందుకు కలిసొస్తాయంటే అవతలోడి మాట నిజమో కాదో తేల్చే పరీక్ష అదొక్కటే కాబట్టి. నువ్వు డొమీనియన్ ఇస్తానంటావు, రేపు ఆ డొమీనియన్ నడిపేది ఎవరు? నువ్వు లోపలేసినోళ్ళే కదా. మరి వాళ్ళని బయటికి వదలకుండా ఎవడితో మాట్లాడతావ్?

మన లీడర్లకి ఇది బాగా తెలుసు. ఇర్విన్ ప్రకటన వచ్చిన రెండు రోజులకే, నవంబర్ 2న, ఢిల్లీ మేనిఫెస్టో అని గాంధీ, మోతీలాల్, ఇంకా చాలామంది సంతకాలు పెట్టారు. అందులో షరతులేంటో చూడండి, రాజకీయ ఖైదీలకి మూకుమ్మడి విడుదల అన్నది ఒకటి, కాన్ఫరెన్సులో డొమీనియన్ ఎప్పుడు అని కాదు దాని రాజ్యాంగం ఎలా ఉండాలో మాట్లాడాలి అన్నది ఇంకోటి. రెండూ ఒకే కాగితం మీద. డిసెంబర్ 23న వైస్రాయ్‌ని కలిస్తే ఆయన హామీ ఇవ్వలేనన్నాడు, వారం పది రోజుల్లోనే లాహోర్ కాంగ్రెస్‌లో పూర్ణ స్వరాజ్యం. 1931 మార్చి 5 గాంధీ ఇర్విన్ ఒప్పందంలో కూడా మెయిన్ ఐటమ్ ఏంటి? ఖైదీల విడుదలే.

కానీ అందులో కూడా కన్నం ఉంది. హింస కేసులు లేనోళ్ళకే విడుదల. భగత్ సింగ్ వాళ్ళు రారు, పెషావర్‌లో జనం మీద కాల్చమంటే కాల్చం అన్న గఢ్వాలీ సిపాయిలు రారు (వాళ్ళు చేసిన హింస ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కాల్చకపోవడమే హింస అయింది), అండమాన్లో ఉన్న మన రంప పితూరీ వాళ్ళూ రారు. సభల్లో ప్రశ్నలడిగేవాళ్ళు కూడా ఎక్కువగా పెద్ద పేర్ల గురించే అడిగారు, ఏజెన్సీ గిరిజనుడి గురించి ఎంతమంది అడిగి ఉంటారు చెప్పండి. అల్లూరి దండులో గాం మల్లుదొర అండమాన్లో చాలా ఏళ్ళు ఉండొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి ఇండిపెండెంట్‌గా మొదటి లోక్‌సభకి గెలిచాడు. ఈ ముక్క మాత్రం ఎగ్జామ్‌లో రాయి తమ్ముడూ, ఎవడూ రాయడు.

---

స్లౌ నుంచి సుబ్బు:

ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యా, ఎందుకంటే బ్రాక్‌వే మా ఏరియా ఎంపీనే, అంటే మేం రాకముందు లెండి. 1931లో ఓడిపోయి, మళ్ళీ 1950లో ఈటన్ అండ్ స్లౌ నుంచి గెలిచాడు, ఈసారి ఆయన గొడవంతా ఆఫ్రికా గురించి. 1952లో కెన్యాలో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు ఇంకో ఎంపీతో కలిసి స్వయంగా వెళ్ళొచ్చాడు, 54లో వలస దేశాల విముక్తి కోసం ఒక సంస్థే పెట్టాడు. సభలో మళ్ళీ అవే రెండు ప్రశ్నలు, ఎప్పుడు స్వాతంత్ర్యం, క్యాంపుల్లో పెట్టినవాళ్ళని ఏం చేస్తున్నారు.

వకీల్ అన్న ఏం ఒరగలే అన్నారు కదా, హోలా సంగతి చూడండి. 1959 మార్చి 3, కెన్యాలో హోలా క్యాంపు, పని చేయం అన్న ఖైదీలని గార్డులు కొట్టి 11 మందిని చంపేశారు. ప్రభుత్వం ముందు ఏం ప్రకటించిందో తెలుసా, ట్యాంకరు నీళ్ళు తాగి చనిపోయారని! పోస్ట్‌మార్టంలో దెబ్బలు బయటపడ్డాయి. అప్పుడు లేబర్ వైపు నుంచి బార్బరా కాజిల్ లాంటి వాళ్ళు వదల్లేదు, అడిగిందే అడిగి అడిగిందే అడిగి జూన్‌లో ఒకసారి, జూలై 27న ఒకసారి చర్చ పెట్టించారు. జూలైలో రాత్రి పొద్దుపోయాక అధికార పక్షం కన్జర్వేటివ్ ఎంపీ ఈనాక్ పవెల్ లేచి, ఆఫ్రికాలో ఒక న్యాయం ఇంగ్లండ్‌లో ఒక న్యాయం కుదరదు అని సొంత ప్రభుత్వాన్నే కడిగేశాడు. ఈయనే తర్వాత 1968లో వలస వచ్చినవాళ్ళ మీద విషం కక్కిన పవెల్, మనుషులు భలే ఉంటార్లే.

అక్టోబర్ ఎన్నికల తర్వాత కాలనీల మంత్రి లెనాక్స్ బాయిడ్ పోయి మెక్లియోడ్ వచ్చాడు, 1960 జనవరిలో ఎమర్జెన్సీ ఎత్తేశారు, అదే నెల లాంకాస్టర్ హౌస్‌లో కెన్యా రాజ్యాంగం మీద కాన్ఫరెన్స్, 1963 డిసెంబర్ 12న స్వాతంత్ర్యం. అంతా ప్రశ్నల వల్లే అనను, కానీ అప్పుడు హాన్సార్డ్‌లో (బ్రిటిష్ పార్లమెంటు మాటల అధికారిక రికార్డు) పడ్డ జవాబులు ఊరికే పోలేదు. ముసలివాళ్ళయిపోయిన కెన్యా ఖైదీలు లండన్ హైకోర్టులో కేసేసి, దాచిపెట్టిన ఫైళ్ళు బయటికి తెప్పించి, చివరికి 2013 జూన్‌లో విదేశాంగ మంత్రి అదే సభలో నిలబడి విచారం చెప్పి 5,228 మందికి 1 కోటి 99 లక్షల పౌండ్ల సెటిల్మెంట్ ప్రకటించాల్సి వచ్చింది. అబద్ధం జవాబు కూడా రికార్డే కదా, తర్వాత పట్టుకోడానికి.

బ్రాక్‌వే స్లౌలో 1964లో ఓడిపోయాడు, 11 ఓట్లతో. వలస వచ్చినవాళ్ళ పక్షాన మాట్లాడతాడని ఇక్కడి జనానికి కోపం. ఇప్పుడు అదే స్లౌలో సగం షాపులు మనవాళ్ళవే.

---

ఓరుగల్లు వకీల్:

సుబ్బు అన్న చెప్పింది ఒప్పుకుంట, కానీ తేడా ఉన్నది. కెన్యాను చూసే కాలనీల మంత్రి ఆ సభకు జవాబు చెప్పాలె, చెప్పకుంటే ఎలక్షన్ల భయం. క్రెరార్‌కు ఎవని భయం? అందుకే ఒకే తీరు ప్రశ్న ఒక తాన కొంచెం పని జేసింది, ఇంకో తాన గాలికి పోయింది.

ఇగ ఇప్పటి ముచ్చట చెప్పాలంటే, జైళ్ళు ఇప్పటికీ రాష్ట్ర జాబితాలనే ఉన్నయి. పార్లమెంటుల అడిగితే ఇయ్యాల్టికీ అదే జవాబు, ఇది రాష్ట్రాల సబ్జెక్టు అని మొదటి లైన్ల రాసి, కింద లెక్కల టేబుల్ పెడ్తరు. 2022 లెక్కల ప్రకారం జైళ్ళల్ల ఉన్నోళ్ళల్ల నూటికి 75 మంది విచారణ ఖైదీలే, శిక్ష పడ్డోళ్ళు కాదు. జైల్ల కులాన్ని బట్టి పని పంచే రూల్సు 2024 అక్టోబర్ దాంక కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువల్స్‌ల ఉండే, సుప్రీం కోర్టు కొట్టేసే దాంక ఏ సభ గూడ వాటిని తీపియ్యలే. రాజమండ్రి అన్న చెప్పిన సీ క్లాసు ఇంకా ఊపిరి తీస్తనే ఉన్నదన్నట్టు.

---

బెజవాడ బుక్‌వర్మ్:

అందరికీ థాంక్స్, నోట్స్ నాలుగు పేజీలు అయింది. జిన్నా ప్రసంగం ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుంది? యూట్యూబ్‌లో ఎవరో చదివినవి ఉన్నాయి గానీ నమ్మబుద్ధి కాలేదు.

---

పాత కాగితాలు:

పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీ సైట్లో పాత అసెంబ్లీ డిబేట్స్ ఉన్నాయి, ఫ్రీ. 1929 సెప్టెంబర్ సంపుటం తెరిచి 12, 14 తారీఖులు చూడు. ఆ రెండు రోజుల్లో ముందు ప్రశ్నల గంట కూడా చదువు, అసలు మజా అక్కడే ఉంటుంది, ఒక మెంబరు చిన్న ప్రశ్న వేస్తాడు, జవాబు నచ్చక పక్కవాడు సప్లిమెంటరీ వేస్తాడు, ఇంకోడు అందుకుంటాడు. బ్రాక్‌వేవి లండన్ హాన్సార్డ్ సైట్లో పేరు కొడితే ఏడాదివారీగా వస్తాయి. ఫోన్లో ట్రై చెయ్యకు, స్కాన్ ఫైళ్ళు చాలా బరువు, పైగా అక్షరాలు అక్కడక్కడా చెదిరిపోయి సెర్చ్‌కి దొరకవు, పేజీలు తిప్పుకుంటూ పోవాల్సిందే.